అమ్మకొక సంగడి

రాజమహేంద్రవరం,
1900 మార్చి నెలాఖరు.

రూతక్కకి,

నేనూ నీ మరదలు శాంతమ్మా కులాసా. బడి కూడా బాగానే సాగుతోంది. ఈసారి వేరే సంగతి రాయాలని కూర్చున్నాను.

పోయిన శనివారం మా మిషను దొరసానిగారి పుట్టినరోజు చేశారు. దొరగారు ఆవిడకి చిన్న గడియారం ఒకటి ఇచ్చారు. ఆవిడ దాన్ని చెవి దగ్గర పెట్టుకుని చిన్నపిల్లలా నవ్వింది. నాకు మన అమ్మ గుర్తొచ్చింది. అమ్మ చేతిలో ఎవరైనా ఏదైనా పెట్టి, ఇది నీ కోసమే తెచ్చాం అనడం నేనెప్పుడూ చూడలేదు. కాన్పు చేసిన ఇళ్లవాళ్లు చేటలో బియ్యం పోసి గుమ్మం అవతల పెడతారు. దాన్ని కానుక అనలేం కదా.

ఉప్పెన వచ్చిన ఏడాది, నాట్ల రోజుల్లో అమ్మ పుట్టిందని అమ్మమ్మ చెప్పేది. అంటే అరవై దాటాయి. తేదీ ఎవరికీ తెలీదు కాబట్టి మనమే ఒకటి పెడదాం. ఆగస్టు పన్నెండు ఆదివారం పడింది. ఆ వేళకి నేను వస్తాను.

ఏమిద్దామో నువ్వు చెప్పు. ఉన్ని శాలువా అనుకున్నాను. లేదంటే మంచి టేకుతో పడకకుర్చీ చేయిస్తాను. ఇక తిరిగింది చాలమ్మా, కూర్చో అని చెప్పినట్టూ ఉంటుంది. సంగతి బయటపడకుండా అమ్మ మనసులో ఏముందో కనుక్కుని రాయి.

నీ తమ్ముడు,
జీవరాజు.


ఆత్రేయపురం,
ఏప్రిల్.

తమ్ముడూ,

నీ ఉత్తరం చదివి చాలాసేపు నవ్వుకున్నాను. తరవాత నవ్వు రాలేదు. ఎందుకో చెబుతాను.

శాలువా వద్దు. నిరుడు శాంతమ్మ పంపిన దుప్పటి ఇప్పుడు పాయ అవతల నడిలంకలో ఎవరి పసిబిడ్డ మీదో ఉంది. పడకకుర్చీ వేస్తే పేటలో చుట్టలు కాల్చుకునే మగాళ్లంతా దాని కోసం మనింటికే వస్తారు, అమ్మ మాత్రం కూర్చోదు. మొన్న తను మోకాళ్లకి ఆముదం రాసుకుంటుంటే మెల్లగా కదిపాను. నీకంటూ ఒకటి అడగమంటే ఏమడుగుతావమ్మా అన్నాను. రెండో మోకాలికీ రాసుకుంది. తరవాత అంది, “నన్ను రేవులో నిలబెట్టకుండా ఉంటే చాలే.”

ఇప్పుడు నీకు చెప్పకూడని మాట చెప్పాలి. అమ్మ నా చేత ఒట్టు వేయించుకుంది.

పోయిన ఆశ్వయుజంలో నడిలంక నుంచి కబురొచ్చింది. అక్కడి రైతు కోడలు చిన్నమ్మాయికి నొప్పులు మొదలయ్యాయని. అమ్మ రేవుకి పోయింది. పడవవాడు అప్పాజీ సంగతి నీకు తెలుసు కదా. పెద్దకులాలవాళ్లు పడవలో ఉంటే మనవాళ్లని ఎక్కించుకోడు. వాళ్లు దిగాక రమ్మంటాడు, ఈలోగా మళ్లీ వాళ్లే ఎక్కుతారు. అవతలి రైతు గొంతు చించుకుని పిలుస్తున్నా అమ్మ పొద్దు వాలేదాకా రేవులోనే నిలబడింది. ఇక లాభం లేదని అరటిబోదె ఒకటి పట్టుకుని నీళ్లలోకి దిగింది. నడి పాయలో బోదె చెయ్యి జారిపోయింది. దిగువన ఇసుకదిబ్బకి కొట్టుకుపోయి, అక్కణ్ణించి నడిచి, ఎలాగో లంకకి చేరింది. చిన్నమ్మాయి ప్రాణం దక్కింది. బిడ్డ దక్కలేదు. కాస్త ముందొచ్చుంటే దక్కేది అని ఆ అత్తగారు అంటే, అవునండి అని తలవంచుకుని వచ్చింది.

అందుకని తమ్ముడూ, మనం అమ్మకి సంగడి ఇద్దాం. రెండు తాటిదోనెలు పక్కపక్కన కట్టి, పైన వెదురుతడక బిగిస్తే అదే సంగడి. మన సంఘపెద్ద రాజరత్నంగారు చేస్తారు. చెట్లు కూడా తనే ఇస్తానన్నారు. ఇంకెవరి దయా అక్కర్లేకుండా అమ్మ దాటుతుంది.

అక్క,
రూతు.


రాజమహేంద్రవరం,
మే నెల.

అక్కా,

నీకు మతి ఉండే రాశావా?

నాన్నని తీసుకుపోయింది ఆ గోదారే. శవం కూడా దొరక్క, ఆయన పంచె, చేతికర్ర పెట్టెలో పెట్టి పాతిపెట్టాం. నాకప్పుడు ఎనిమిదేళ్లు. ఇప్పటికీ ధవళేశ్వరం దగ్గర పడవెక్కితే నీళ్ల వైపు చూడలేను. అలాంటి నీళ్ల మీదికి అరవై దాటిన ముసలిదాన్ని, పుట్టినరోజు కానుక అని పేరు పెట్టి, మన చేతుల్తో తొయ్యమంటావా?

అయినా ఆశ్వయుజంలో జరిగింది నాకు ఇప్పుడా చెప్పడం? దగ్గరుండి నువ్వు చేసిందేమిటి? కళ్లముందు అమ్మ బోదె పట్టుకుని దిగుతుంటే చూస్తూ నిలబడ్డావా?

పడకకుర్చీకి చెప్పేశాను. ఆగస్టులో వచ్చి అమ్మని నాతో తీసుకొచ్చేస్తాను. లంకలవాళ్లకి వేరే మంత్రసాని దొరుకుతుంది. మనకి వేరే అమ్మ దొరకదు.

జీవరాజు.


ఆత్రేయపురం,
జూన్.

తమ్ముడూ,

గోదారికి కొత్త వరద ఎర్రనీళ్లు వచ్చాయి. మొన్న లంక నుంచి మళ్లీ కబురు. అప్పాజీ పడవ అవతలే ఉండిపోయింది. అమ్మ బోదె తీసుకుని దిగింది. ఈసారి నేను చూస్తూ నిలబడలేదు. బళ్లో పిల్లల్ని వదిలేసి పరుగెత్తి, పీకల్లోతు నీళ్లలోకి పోయి కొంగు పట్టుకుని లాగాను. అమ్మ నా మీద కోప్పడలేదు. నా వేళ్లు ఒక్కొక్కటే విప్పింది. “అవతల ఒక పిల్ల అరుస్తోంది. నువ్వు పట్టుకుంటే నాకు బలం చాలదు, వదిలెయ్” అంది. వదిలేశాను. ఎలాగో దాటి, మర్నాడు తిరిగొచ్చింది.

నువ్వు అమ్మని రాజమండ్రి తీసుకుపోతావు. కాళ్లూ చేతులూ కట్టి కూర్చోబెడతావా? సంగడి ఇస్తే పోతుందని నీ భయం. ఇవ్వకపోయినా పోతోంది, అదీ ఉత్త బోదె పట్టుకుని. ఈ రెండిట్లో దేనికి ఎక్కువ భయపడాలో చదువుకున్నవాడివి నువ్వే చెప్పు.

నువ్వు ఒప్పుకోకపోయినా చేయిస్తాను. కాని నీ పేరు లేకుండా ఇవ్వాలంటే నాకు మనసొప్పడం లేదు.

రూతు.


రాజమహేంద్రవరం,
జూలై.

అక్కా,

నీ ఉత్తరం శాంతమ్మ కూడా చదివింది. చదివి, మీ భయం కోసం ఆవిడ ఎన్నాళ్లు తడవాలండీ అంది.

సరే, చేయించు. నా పేరు కూడా చెప్పు. దోనెలు వెడల్పుగా ఉండాలని రాజరత్నంగారితో చెప్పు. ఎక్కేటప్పుడు మునిగిపోకుండా నడుముకి ఎండు సొరబుర్రలు కట్టుకోమను. తెడ్డు వెయ్యడానికి ఇంకొకరు తోడు లేకుండా పోకూడదు. పన్నెండో తారీకు దాకా మాత్రం ఇవ్వకు. నేను వచ్చి, ఒకసారి నా కళ్లతో చూసుకుని, అప్పుడు ఇద్దాం.

ఒప్పుకున్నానే గాని నాకు నిద్ర పట్టడం లేదు.

జీవరాజు.


ఆత్రేయపురం,
ఆగస్టు మొదటివారం.

తమ్ముడూ,

నన్ను తిట్టినా సరే, సంగడి ముందే ఇచ్చేశాను. లంకలో అచ్చాయమ్మ అనే ఆవిడకి నెలలు నిండాయి. అమ్మ మళ్లీ అరటితోట వైపు పోతుంటే ఆగలేకపోయాను.

దాన్ని చూసి అమ్మ చుట్టూ తిరిగింది. వేళ్లతో కొట్టి చూసింది. ఇది నీదేనమ్మా, నేనూ తమ్ముడూ కలిసి ఇచ్చాం, నీ పుట్టినరోజుకి అన్నాను. పుట్టినరోజంటే ఏమిటని అడిగింది, చెప్పాను. అప్పుడు నేల మీదున్న దాని మీదే ఎక్కి కూర్చుని, కాళ్లు చాపుకుని, చాలాసేపు దిగలేదు. పేటలో ఆడాళ్లంతా వచ్చి చూశారు. నువ్వు ఒప్పుకున్నావా అని మాత్రం మళ్లీ మళ్లీ అడిగింది. ఒప్పుకున్నాడని చెప్పాను.

మరునాడే దాటి, అచ్చాయమ్మని చూసొచ్చింది. రాజరత్నంగారి కొడుకు తెడ్డు వేశాడు. సొరబుర్రలు కట్టుకుంది.

గోదారి పెరుగుతోంది. పైన వానలు ఎక్కువగా ఉన్నాయంటున్నారు. నువ్వు త్వరగా రా.

రూతు.


ధవళేశ్వరం,
ఆగస్టు 10.

అక్కా,

ఇక్కడిదాకా వచ్చి ఆగిపోయాను. ఆనకట్ట కనిపించడం లేదు, దాని మీద నీళ్లే. బొబ్బర్లంకకి పడవలు కట్టేశారు. కాలవల లాకులు మూసేశారు. ఎవర్ని బతిమాలినా రేపు చూద్దాం అంటున్నారు. నీళ్లలో ఇళ్ల కప్పులు, గడ్డివాములు, బతికున్న గేదెలు కొట్టుకుపోతున్నాయి. అన్నీ మీ వైపే వస్తున్నాయి.

గట్టు వెంబడి టపా మోసేవాళ్లు ఎలాగో దాటుతారట. వాళ్ల చేతికి ఈ చీటీ ఇస్తున్నాను. అమ్మ ఇంట్లో ఉంది అని ఒక్క మాట రాసి పంపు. ఇంకేం వద్దు.

జీవరాజు.


ఆత్రేయపురం,
11, శనివారం.

తమ్ముడూ,

అమ్మ ఇంట్లో లేదు.

గురువారం పొద్దున్న అచ్చాయమ్మ మొగుడు వచ్చి తీసుకుపోయాడు. తెడ్డు అతనే వేశాడు. అప్పటికి నీళ్లు గట్టు కింద ఉన్నాయి. సాయంత్రానికి వచ్చేస్తానంది. ఆ సాయంత్రమే లంక మునిగింది. ఇప్పుడు ఇక్కణ్ణించి చూస్తే లంక ఉన్నచోట కొబ్బరిచెట్ల తలలు కనిపిస్తున్నాయి, అంతే.

మొగుడు మాత్రం శుక్రవారం గట్టుకి చేరాడు. లంకలోని పిల్లల్నీ ముసలాళ్లనీ సంగడి మీద ఎక్కించి దాటించమని అమ్మే చెప్పిందట. మొదటిసారి వాళ్లని దింపి, అమ్మ కోసమూ పెళ్లాం కోసమూ తిరిగి పోతుంటే మధ్యలో మానొకటి వచ్చి తగిలి కట్లు తెగిపోయాయట. ఇతను ఈది బయటపడ్డాడు. అచ్చాయమ్మ అప్పటికే నొప్పుల్లో ఉంది. ఆమెనీ అమ్మనీ అటక మీద వదిలి వచ్చానని గట్టు మీద పడి ఏడుస్తున్నాడు. ఇల్లు మట్టిగోడలది.

నేను గట్టు మీదికే పోతున్నాను.

రూతు.


ధవళేశ్వరం,
12.

నేను రాకుండా ఇవ్వొద్దని రాశాను. చిలక్కి చెప్పినట్టు చెప్పాను. బోదె అయితే ఆ వరదలో అమ్మ కూడా దిగేది కాదు. సంగడి ఉందనే ధైర్యంతో పోయింది. నాన్నని గోదారి తీసుకుంది. అమ్మని నువ్వు ఇచ్చావు.

జీవరాజు.


ఆత్రేయపురం,
13, సోమవారం.

తమ్ముడూ,

నువ్వు రాసింది నిజమే. నేను కాదనను.

నిన్న ఆదివారం. మనం అనుకున్న రోజు. పొద్దున్నే రాజరత్నంగారు వచ్చి నన్ను గట్టు దిగువకి తీసుకుపోయారు. సంగడిలో ఒక దోనె అక్కడ ముళ్లకంపలో తగులుకుని ఉంది. తడక లేదు, రెండోది లేదు. గుడిలో అమ్మ పేరున ప్రార్థన చేస్తామన్నారు. చనిపోయినవాళ్ల కోసం చేసే ప్రార్థన. నేను వద్దన్నాను. చెయ్యనివ్వలేదు. ఎందుకో నాకే తెలీదు. నమ్మకం ఉండి కాదు.

గట్టు మీదే ఉన్నాను. ఇంటికి పోతే తన తువ్వాలు దండెం మీద ఆరేసి ఉంది. చూడలేకపోతున్నాను.

రూతు.


ఆత్రేయపురం,
14.

తమ్ముడూ, అమ్మ బతికుంది. అమ్మ బతికే ఉంది.

ఉన్నదున్నట్టు రాస్తాను. నిన్న మధ్యాహ్నం నీళ్లు కాస్త తీశాయి. గట్టు మీద జనం చూస్తుండగా అప్పాజీ ఎవరూ అడక్కుండానే పడవ విప్పాడు. పొద్దు గూకేముందు తిరిగొచ్చాడు. పడవలో అచ్చాయమ్మ, ఆమె ఒళ్లో ఆడపిల్ల, పక్కనే అమ్మ. గోడలు మూడు వైపులా పడిపోయినా ఆ అటక ఉన్న మూల నిలిచిందట. ఆ అటక మీదే కాన్పు చేసింది.

అప్పాజీ అమ్మని చెయ్యి పట్టుకుని దింపాడు. తలపాగా తీసి మొహం తుడుచుకున్నాడు.

దూలం పడి అమ్మ కుడి మణికట్టు నలిగిపోయింది. చెయ్యంతా నల్లగా వాచి ఉంది. నువ్వు వచ్చి పెద్దాసుపత్రికి తీసుకుపోవాలి. తమ్ముడొచ్చాడా అని అడిగింది. తోవలో ఉన్నాడని చెప్పాను.

నువ్వు రాసిన చీటీ పొయ్యిలో వేశాను. దాని మాట మనం ఎప్పుడూ ఎత్తుకోవద్దు.

రూతు.


రాజమహేంద్రవరం,
నవంబరు.

అక్కా,

అమ్మని నీ దగ్గర్నించి తీసుకొచ్చి మూడు నెలలయింది. ఎముక అతుక్కుంది. వేళ్లు మాత్రం ముడుచుకోవడం లేదు. ఇక రావని డాక్టరుగారు నాతో చెబుతుంటే అమ్మ పక్కనే నిలబడి వింది. బయటికొచ్చాక, ఇంటికి పోదాం పద అంది, అంతే.

టేకు పడకకుర్చీ వరండాలో వేశాను. అందులోనే కూర్చుంటోంది. నేను కోరుకున్నది ఇదే కదా. పొద్దున్న బడికి పోయేటప్పుడు ఎలా ఉంటుందో సాయంత్రం వచ్చేసరికి అలాగే ఉంటుంది. కుడిచెయ్యి కొంగు కింద దాచుకుంటుంది. గంజి పోస్తే ఎడంచేత్తో లోటా ఎత్తుకుని తాగుతుంది. అన్నం మాత్రం ముట్టదు. శాంతమ్మ పళ్లెం ముందు పెట్టి, తినిపిస్తానత్తయ్యా అంటే మొహం అటు తిప్పేసుకుంటుంది. పచ్చడి, చేపలపులుసు, ఆత్రేయపురం నుంచి నువ్వు పంపిన పూతరేకులు, ఏవీ ముట్టలేదు. మనిషి సగమైపోయింది. డాక్టరుగారు చూసి జబ్బేమీ లేదన్నారు. జబ్బు లేకుండానే పోయేలా ఉందక్కా.

వరదలో అమ్మ పోయిందనుకున్నప్పుడు పడ్డ బాధ ఒకటి. ఇది వేరు. రోజూ కళ్లముందు కొంచెం కొంచెంగా పోతోంది, నేను కుర్చీ వేసి చూస్తున్నాను. నిన్న కాళ్ల దగ్గర కూర్చుని, నీకేం కావాలమ్మా, ఏదైనా తెస్తాను అన్నాను. “నా చేతికి పని లేదురా, ఇంక నాకేం తెస్తావ్” అంది.

ఏమివ్వాలో నాకు తోచడం లేదు. నీకు తోస్తే రాయి.

జీవరాజు.


ఆత్రేయపురం,
1901 జనవరి.

తమ్ముడూ,

నాకూ ఏమీ తోచడం లేదు. సెలవులకి నేను వచ్చినప్పుడు నాతోనూ మాట్లాడలేదు కదా.

ఒక సంగతి జరిగింది. లంక చిన్నమ్మాయి మొన్న మన గుమ్మంలోకి వచ్చింది. ఏడు నెలల కడుపుతో ఉంది. అమ్మ గురించే, ఏసమ్మ ఎక్కడుందమ్మా అని అడిగింది. చెయ్యి సంగతి చెప్పాను. అక్కడే మెట్టు మీద కూర్చుండిపోయింది. నువ్వయినా వస్తావా అని నన్ను అడిగింది. నేను పిల్లలకి అక్షరాలు దిద్దించేదాన్ని, రక్తం చూస్తే కళ్లు తిరుగుతాయి, నావల్ల కాదని చెప్పడానికి నాకు సిగ్గేసింది. రాజమండ్రిలో మీ ఇల్లెక్కడో చెప్పించుకుంది. చెయ్యి లేకపోతేనేం, ఆవిడ నా పక్కన ఉంటే చాలు, పడవెక్కి పోతాను అంది. వాళ్లత్తగారు మన పేటలో మంచినీళ్లు కూడా ముట్టని మనిషి. ఆవిడ ఒప్పుకుంటుందని నేననుకోను.

వస్తే వస్తుంది. రాకపోతే అమ్మ ఎదురుచూసి ఇంకా కుంగిపోతుంది. అందుకని అమ్మకి చెప్పకు.

రూతు.


రాజమహేంద్రవరం,
మార్చి.

అక్కా,

చిన్నమ్మాయి వచ్చింది. నిన్న పొద్దున్న ధవళేశ్వరంలో పడవ దిగి, ఒంటెద్దు బండి మీద మా వీధిలోకి వచ్చేసరికే నొప్పులు మొదలయ్యాయి. వెనక వాళ్లత్తగారు మూట పట్టుకుని ఉంది. అమ్మ వరండాలోంచి చూసింది. గుర్తుపట్టింది. నేనింకా బండివాడితో మాట్లాడుతుండగానే అమ్మ కుర్చీలోంచి లేచి వీధిలోకి వచ్చేసింది.

మిషను ఆసుపత్రికి తీసుకుపోదామన్నాను. వేళ లేదంది. ముందుగదిలో చాప పరిపించింది. తను కూర్చుని, చిన్నమ్మాయి తల ఒళ్లో పెట్టుకుంది. వాళ్లత్తగారు గుమ్మంలో నిలబడి అమ్మ కుడిచేతి వంక చూస్తూ, ఈ చేత్తో ఎలాగమ్మా అని ఏడుపు మొదలెట్టింది. అమ్మ ఆవిడ వైపు చూడలేదు. శాంతమ్మని పిలిచింది. తనకి పిల్లల్లేరు, కాన్పు చూసి ఎరగదు. “నా చెయ్యి పోయింది గాని నోరు పోలేదు. నువ్వు నీ చేతులియ్యి. నేను చెప్పినట్టు చెయ్యి” అంది అమ్మ.

నన్ను బయటికి పొమ్మన్నారు. వీధిలో బండి పక్కన నిలబడి అమ్మ గొంతు విన్నాను. నెలల తరబడి ఆ గొంతు వినలేదు. ఇలా పట్టుకో, ఇప్పుడొద్దు, ఆగు, ఇప్పుడు అంటోంది. చిన్నమ్మాయి ఒక దశలో నా వల్ల కాదు, ఇదీ పోతుంది అని అరిచింది. ఈసారి నేను ముందే ఉన్నానుగా తల్లీ అంది అమ్మ. చాలాసేపటి తరవాత పసిబిడ్డ ఏడుపు వినిపించింది. మగపిల్లవాడు.

వాళ్లత్తగారు బయటికొచ్చి, నోరెండిపోతోంది, కాసిని మంచినీళ్లిప్పించండి బాబూ అంది. మా కుండలోవే ముంచి ఇచ్చాను. తాగింది.

అన్నీ సర్దుకున్నాక శాంతమ్మ గోడకి చేరగిలబడి తన చేతుల్ని తనే చూసుకుంటోంది. అమ్మ లేచి నా దగ్గరికొచ్చి, ఆకలేస్తోందిరా అంది. గబగబా పళ్లెంలో అన్నం, పులుసు తెచ్చి ముందు పెట్టాను. అలాగే చూస్తూ కూర్చుంది. తల ఎత్తకుండా చెప్పింది. ఎడంచేత్తో అన్నం తినడం తన వల్ల కాదట. ఎంత ప్రయత్నించినా చెయ్యి నోటిదాకా రాదట. ఇంతమంది పిల్లల్ని భూమ్మీదికి తెచ్చిన దాన్ని, నన్ను చంటిపిల్లలా తినిపించమని ఎవర్ని అడగను, సిగ్గేసి చచ్చిపోదామనుకున్నాను అంది. “ఇవాళ శాంతమ్మని చేతులడిగాను. ఇచ్చింది. ఇంక నిన్నడగడానికేం. నువ్వు కలుపు.”

ఇన్నాళ్లూ పళ్లెం ముందు పెట్టి, తినమ్మా తినమ్మా అన్నాం. శాంతమ్మ పెడతానంటే మొహం తిప్పుకుంటే, ఇష్టం లేదనుకున్నాం.

పులుసన్నం కలిపాను. నాకు సరిగ్గా ముద్ద చెయ్యడం కూడా రాలేదు. మొదటి ముద్ద సగం అమ్మ చీర మీద పడింది. అమ్మ నవ్వింది. పళ్లెం ఖాళీ అయ్యాక ఇంక చాలా అని అడిగాను. లోపల చిన్నమ్మాయి కొడుకు మళ్లీ ఏడుస్తున్నాడు. అమ్మ అటు చెవి పెట్టి విని, పాలకే ఏడుస్తున్నాడని చెప్పి, నా వైపు తిరిగి ఇంకొంచెం అన్నం పెట్టుకురా అంది.

జీవరాజు.